ఇద్దరు క్లయింట్లు, ఒకే ల్యాప్‌టాప్

మాదాపూర్‌లో కూర్చుని ఇద్దరు ముగ్గురు క్లయింట్ల సర్వర్లు చూసుకునే సపోర్ట్ ఇంజనీరుకు ఒక్కో క్లయింటుకు ఒక్కో వీపీఎన్. ఒకటి ఆపి ఇంకొకటి కలపాలి, మళ్లీ ఓటీపీ కొట్టాలి. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంచేస్తే పోలా అనిపిస్తుంది. తగాదా మొదలయ్యేది అక్కడే.

ఆ తగాదా ఎన్‌క్రిప్షన్ గురించి కాదు, దారి గురించి. ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో చెప్పేది కంప్యూటర్‌లోని రూటింగ్ టేబుల్. కలవగానే ట్రాఫిక్ అంతా తన గుండానే పోవాలని పట్టుబట్టే వీపీఎన్‌లు చాలానే ఉన్నాయి. ఓపెన్‌వీపీఎన్‌లో ఇందుకో తమాషా ఎత్తుగడ ఉంది. పాత డిఫాల్ట్ రూట్‌ను అది ముట్టుకోదు. చిరునామాలన్నిటినీ 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు సగాలు చేసి, రెండూ నావేనంటుంది. పరిధి చిన్నదైన రూట్‌దే పైచేయి కాబట్టి పాతది ఉన్నా లేనట్టే. రెండో ఓపెన్‌వీపీఎన్ కూడా అవే సగాలు అడగబోతే లైనక్స్ ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అని తిప్పికొడుతుంది. పైకి మాత్రం రెండూ కనెక్ట్ అయినట్టే కనిపిస్తాయి!

ఎవరి నెట్‌వర్క్‌కు వారి రూట్లే రాసుకుంటే ఈ గొడవ సర్దుకుంటుంది. ఇద్దరూ ఒకే అంకెలు వాడితేనే అసలు చిక్కు. సొంత నెట్‌వర్క్‌లకని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 కేటాయించిన 10 శ్రేణిలోనే 1.67 కోట్ల చిరునామాలున్నాయి. అయినా అడ్మిన్ల చేయి 10.0.0, 10.1.1 దగ్గరికే పోతుంది. 10.1.1.5 ఒకరి దగ్గర టెస్ట్ సర్వర్, ఇంకొకరి దగ్గర ప్రొడక్షన్ డేటాబేస్. పింగ్ కొడితే జవాబు వస్తుంది, పలికింది ఎవరో తెలియదు. డిలీట్ కమాండ్ కొట్టేవాడికి ఇంతకన్నా ప్రమాదం ఉండదు.

లైనక్స్‌లో దీనికి చక్కటి విరుగుడు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్. ఒక్కో వీపీఎన్‌కు విడి రూటింగ్ టేబుల్ దక్కుతుంది. అందులో తెరిచిన టెర్మినల్‌కు పక్కవారి 10.1.1.5 కనిపించదు. విండోస్‌వారికి వర్చువల్ మెషీనే తేలిక దారి, కాస్త ర్యామ్ తింటుందనుకోండి. కొన్ని కార్పొరేట్ వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లు రూట్లు మారిస్తే పసిగట్టి వెనక్కి తిప్పేస్తాయి. ఒక ల్యాప్‌టాప్ రెండు కంపెనీల మధ్య వంతెన అవుతుందన్న క్లయింట్ల భయం న్యాయమైనదే. క్లయింటు సెక్యూరిటీ టీమ్‌ను అడగకుండా ఆ అడ్డును దాటే కిటుకులు వెతకడం తెలివి కాదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ తర్జనభర్జనే లేదు. ఒక ప్రొఫైల్‌కు ఒకసారి ఒకటే వీపీఎన్. రెండోది ఆన్ చేస్తే మొదటిది ఆగిపోతుంది.