పోగుంటల లెక్క

మృగశిర కార్తె వస్తే హైదరాబాద్‌లో జనం చేపల దుకాణాల ముందు బారులు తీరతారు. నేను నర్సరీలకు పోతాను. ఈ వారమూ పోయి, ఒళ్ళు మండి తిరిగొచ్చాను.

అక్కడ మొక్కజొన్న నారు అమ్ముతున్నారు. వంగ, టమాటా, మిరప నార్ల పక్కనే, అవే నల్ల ప్లాస్టిక్ ట్రేలలో, అవే బొటనవేలంత గుంటల్లో స్వీట్ కార్న్. మొక్క పదిహేను రూపాయలు. జానెడు దాటిన ఎత్తు, ఐదారు ఆకులు, అడుగు ఆకులు పసుపు. ఒకదాన్ని గుంటలోంచి లాగి చూస్తే లోపల ఎరువు కనపడలేదు, చుట్టలు చుట్టుకున్న తెల్లటి వేర్లే. "ఎంత బలంగా ఉన్నాయో చూడండి సార్, తొందరగా కంకేస్తాయి" అన్నాడు కుర్రాడు. అందులో సగం నిజం లేకపోలేదు. ఇరుకులో ముదిరిన మొక్కజొన్నను నేలలో పెడితే అది ఎదగడం మానేసి, మోకాలెత్తులోనే జల్లు తీసేస్తుంది. తొందరగానే తీస్తుంది. కంకి మాత్రం రాదు, వచ్చినా వేలెడు.

నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలిసిందే. నారు పోసుకునే మొక్కలు వేరు, విత్తనం పెట్టుకునే మొక్కలు వేరు. టమాటా నారును మెడదాకా పూడ్చినా కాండం పొడవునా కొత్త వేర్లు వేసుకుని బతికిపోతుంది. మొక్కజొన్న, బెండ, చిక్కుడు, తీగజాతులు అలాంటివి కావు, వాటికి చోటు మారడం గిట్టదు. పోయిన వానాకాలం చిక్కుడు నారు కొనేవాళ్ళ మీద ఇక్కడ నాలుగు మాటలు రాసినందుకు వచ్చిన ఉత్తరాలు నా దగ్గర ఇంకా భద్రంగా ఉన్నాయి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి పుణ్యమా అని మిద్దెతోట అన్న మాట ఇంటింటికీ చేరింది, సంతోషం. దాని వెనకాలే నారు బేరం కూడా మెట్లెక్కి వచ్చింది, అదే నా బాధ. మొలకెత్తడం చూడకుండా కాయ కోసుకోవడం నా దృష్టిలో సగం సేద్యం.

అందుకని నర్సరీల మీద మరో ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను. సాక్ష్యానికి మా నాయనమ్మను తలుచుకున్నాను. ఆమె సాక్ష్యం నేననుకున్న దారిలో నడవలేదు.

మాది కరీంనగర్ వైపు ఊరు. ఇంటి వెనకే మక్క పెరడు. తొలి వానలకు నేల పదునెక్కగానే మా తాత నాగలి పట్టేవాడు, వెనకాల సాలులో నాయనమ్మ గింజలు వేసుకుంటూ నడిచేది. గెట్టు పొడవునా దోస పాదులు. పాదంటే ఆమెకు మూరెడు వెడల్పు గుంత, గంపెడు మాగిన పెంట ఎరువు, పైన మట్టి, మట్టిలో నాలుగైదు గింజలు. మొలిచాక బలమైనవి రెండు ఉంచి తక్కినవాటిని గోటితో గిల్లేసేది. పీకనిచ్చేది కాదు, పీకితే పక్కదాని వేరు కదులుతుందని. రెండాకుల మీదుండగా ఎర్ర పెంకు పురుగులు వాలేవి. పొద్దెక్కితే అవి ఎగురుతాయి, తెల్లారుజామున మందకొడిగా ఉంటాయి. అందుకే చీకటితోనే మమ్మల్ని లేపి, పొయ్యిలోని బూడిద ఇచ్చి గెట్టు మీదికి తోలేది.

కంకులు పాలు పోసుకునే నాటికి మాకు మంచె ఎక్కే పని పడేది. బడి ఎగ్గొట్టడానికి అంతకన్నా మర్యాదైన కారణం ఊళ్ళో ఇంకోటి లేదు. చిలకలు గుంపులుగా దిగేవి, కంకి కొసన పొత్తి చీల్చి, నాలుగు గింజలు తిని, ఇంకో కంకి మీదికి పోయేవి. ఒక్కదాన్నీ పూర్తిగా తినకపోవడమే వాటి మీద నాయనమ్మకున్న కోపం. మా చిన్నాయన వడిసెల తిప్పితే రాయి గురి చూసినచోట పడేది. నేను తిప్పితే ఎప్పుడూ పక్క చేలో పడేది. ఆ చేనువాళ్ళ కేకలకు మా పెరట్లో చిలకలు లేచిపోయేవి, మొత్తానికి పని జరిగేది. మంచె కింద పొత్తి తీయకుండా నిప్పుల్లో వేసి కాల్చుకున్న కంకి రుచి, అదే చేలో పొద్దున విరిచి రాత్రి ఇంట్లో కాల్చుకున్నదానికి ఉండేది కాదు. నాటు మక్కలో చక్కెర విరిచిన గంట నుంచే పిండిగా మారడం మొదలవుతుందని నేను చదువుకున్నది చాలా ఏళ్ళ తర్వాత.

ఇంతవరకు సాక్ష్యం నాకు అనుకూలమే. సాలులో గింజ, పాదులో గింజ, నారు మాట లేదు. కానీ మంచె ఎక్కే రోజులకు చాలా ముందు, గింజలు వేసిన వారానికి, ఇంకో పని ఉండేది. నాయనమ్మ సాళ్ళ వెంట వంగి నడుస్తూ పోగుంటలు చూసేది. ఎక్కడెక్కడ మొలవలేదో అక్కడ పుల్ల గుచ్చడం నా వంతు. బావి గడ్డన బారెడు చోటులో ఆమె గింజలు ఎక్కువగా, వేరే వేసి ఉంచేది. వాటిని కొడవలి మొనతో మట్టి గడ్డతో సహా ఎత్తి మోదుగాకు డొప్పల్లో పెట్టేది. డొప్పలు నా చేతిలో, పుల్లలు మా చెల్లి చేతిలో. సాయంత్రం చల్లబడ్డాక పుల్ల పీకినచోటల్లా ఒక డొప్ప మొక్క దిగేది.

"రెండాకుల మీదున్నప్పుడే ఎత్తాలె బిడ్డా. మూడోది ఇప్పితే ఇగ అది ఊరిడువది" అనేది.

అంటే మా ఇంట్లో మక్క నారు ఉంది. దానికి నారు అన్న పేరు ఎవరూ పెట్టలేదంతే.

ఆమె రెండాకుల లెక్కకు కారణం మొక్క అడుగున ఉంది. మొక్కజొన్న మొదట గింజలోంచి వచ్చిన నాలుగు వేర్లతో గడుపుతుంది. అసలు బతుకంతా మోసే వేర్లు ఆ తర్వాత, కాండం అడుగు కణుపుల నుంచి వలయాలుగా దిగుతాయి. అవి పరుచుకోకముందే ఎత్తితే మొక్కకు పెద్దగా తెలియదు, పరుచుకున్నాక ఎత్తితే కోలుకోదు. నర్సరీ ట్రేలో నేను చూసినవి పరుచుకోవడం కూడా దాటిపోయి చుట్టలు చుట్టుకున్నవి.

ఇక స్వీట్ కార్న్ సంగతి. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్‌నన్ అనే జన్యుశాస్త్రవేత్త, ముడుచుకుపోయిన మొక్కజొన్న గింజల మీద పనిచేస్తూ నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. అప్పటిదాకా ఉన్న తీపి రకాలకన్నా అవి ఎంతో తియ్యగా ఉన్నాయి. ఆ జన్యువు పేరు ష్రంకెన్-2. చక్కెర పిండిగా మారే దారికి అది అడ్డం పడుతుంది. ఇప్పుడు మనం సూపర్ స్వీట్ అని కొనే రకాల్లో చాలావాటికి మూలం అదే. తినేవాడికి బాగానే ఉంది, మొలకకు బాగాలేదు. గింజలోని పిండి మొలక ప్రయాణానికి సద్దిమూట. ఈ గింజల్లో మూట చిన్నది. పొట్లం విప్పితే తేలికగా, ముడతలు పడి కనిపించేవి అందుకే. లోతుగా పెడితే పైకి రాలేవు, ముసురు పట్టి నేల చిత్తడైతే కుళ్ళిపోతాయి. మిగిలినవాటి సంగతి చీమలు చూసుకుంటాయి.

నాటు మక్కకన్నా స్వీట్ కార్న్‌లో పోగుంటలు ఎక్కువన్నమాట. నా పాత సిద్ధాంతం తడబడేది ఇక్కడే. పెరట్లో వేల మొక్కలు, వందకు పది మొలవకపోయినా గాలిలో పుప్పొడికి కొదవ లేదు. మన మడిలో ఉండేవి పదహారు. కంకి కొసన వేలాడే ఒక్కో పీచు ఒక్కో గింజకు దారి. పీచు మీద పుప్పొడి పడకపోతే ఆ గింజ చోటు బోసిగా మిగులుతుంది. ఒక మొక్క జల్లు పుప్పొడి రాల్చేది అటూ ఇటుగా వారం. పదహారులో ఐదు మొలవకపోతే మళ్ళీ గింజలు పెడతారు, అవి పది రోజులు వెనకబడతాయి, ముందువాటి నీడలో ఇంకా వెనకబడతాయి. అవి పీచు వేసేసరికి చుట్టూ పుప్పొడి అయిపోయి ఉంటుంది. చిన్న మడిలో పండే కంకుల్లో పళ్ళూడినట్టు కనిపించేవి ఎక్కువ భాగం ఈ బాపతే. ఎరువు తక్కువైందని యూరియా చల్లితే పుప్పొడి రాదు.

కాబట్టి నా తీర్పు మారింది. పొలానికి గింజ, మడికి నారు. చోటు మారడం గిట్టదని నేనే ఏళ్ళ తరబడి చెప్పిన మొక్కకే, చిన్న తోటలో, నారు కావాలి. అయితే అది ఇంట్లో పోసుకున్న నారు కావాలి, రెండాకుల మీద నాటే నారు కావాలి. నర్సరీలవాళ్ళు కూడా అమ్ముకోవచ్చు, ట్రే మీద గింజ పెట్టిన తేదీ రాస్తే.

టీ తాగే కాగితం కప్పులకు అడుగున చిల్లు పెట్టండి. సగం కొబ్బరి పొట్టు, సగం వానపాముల ఎరువు. పొట్టును రెండు మూడు నీళ్ళు మార్చి కడగకపోతే అందులోని ఉప్పు లేత వేరును మాడుస్తుంది. కప్పుకు ఒక గింజ, అంగుళం లోపు లోతు. రాత్రంతా నానబెట్టకండి, సూపర్ స్వీట్ గింజ ఆ తడిని తట్టుకోదు. గింజ గులాబీ రంగులో ఉంటే అది తెగులు మందు పట్టించినది, పిల్లల చేతికివ్వకండి. కావలసినదానికన్నా నాలుగో వంతు ఎక్కువ కప్పులు పెట్టండి. మొలక కనిపించిన రోజు నుంచే పూర్తి ఎండలో ఉంచండి. పది పన్నెండు రోజులకు, సాయంత్రం పూట, కప్పు చించి గడ్డ చెదరకుండా నాటండి. నాలుగు వరసలు, వరసకు నాలుగు, అడుగు ఎడం. ప్రహరీ వెంట ఒకే వరసలో మాత్రం వద్దు, పుప్పొడి పక్కింట్లో పడుతుంది. ఆకు కొసలను పిట్ట కొరికినా కంగారు పడకండి. ఐదారు ఆకులు వచ్చేదాకా మొక్కజొన్న పెరిగే మొన నేల లోపలే ఉంటుంది, మళ్ళీ చిగురిస్తుంది. కత్తెర పురుగు సంగతి వేరు. 2018లో కర్ణాటకలో మొదటిసారి కనపడి, అక్కడి నుంచి దేశమంతా పాకిన ఆ పురుగు నేరుగా మొవ్వులో దిగుతుంది. రోజూ మొవ్వులోకి తొంగి చూసి చేత్తో ఏరేయడమే మన స్థాయి మందు.

కీరదోస దగ్గర నా పాత మాట మీదే ఉన్నాను. నర్సరీలో అది కూడా నారుగా దొరుకుతుంది, కొనకండి. వేడి నేలలో మూడు నాలుగు రోజుల్లో తలెత్తే గింజకు ట్రే ఎందుకు? రెండు పాదులు పెడితే ఇంటికి సరిపోయే కాయ. ఒకటి మొలవకపోయినా ఇంకోదానికి వచ్చే లోటేమీ లేదు, మళ్ళీ పెట్టుకోవచ్చు. గింజను అర అంగుళం లోతున అడ్డంగా పడుకోబెట్టండి. మొలక అడుగున చిన్న కొక్కెం లాంటి బుడిపె లేచి గింజ పెంకును మట్టిలోనే పట్టి ఉంచుతుంది, బద్దలాకులు అందులోంచి జారి పైకొస్తాయి. మరీ పైపైన పెడితే పెంకు నెత్తినే ఉండిపోయి ఆకులు విచ్చుకోవు. మొక్కజొన్నలా కాదు, కీర చిగురు రెండు బద్దలాకుల నడుమ బయటే ఉంటుంది, ఉడుత ఒక్క కొరుకు కొరికితే ఇక లేదు. అడుగు కోసేసిన నీళ్ళ సీసాను మూత తీసి మొలక మీద బోర్లించండి. నాలుగాకులు వచ్చాక తీసేయొచ్చు.

న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలికి ఈ సలహా పనికిరాదు. అక్కడ మే నెల సగం దాకా మంచు భయం, చల్లటి నేలలో కీర గింజ కదలదు. వాళ్ళు కిటికీ దగ్గర కప్పుల్లో మొలిపించుకోక తప్పదు, వేరు కదలకుండా నాటుకోకా తప్పదు.

ఇంకొక్క మాట. పక్కన బుడమకాయో పప్పు దోసకాయో ఉంటే కీర చేదెక్కుతుందని చాలామంది నమ్ముతారు. ఎక్కదు. పప్పు దోస ఖర్బూజా వంశానిది, కీరతో కలవదు. కలిసినా మనం తినే కండ తల్లి మొక్కదే, పుప్పొడి తేడా లోపలి గింజల్లోనే. కీరకు చేదు రకాన్ని బట్టి, నీటి ఎద్దడిని బట్టి వస్తుంది. పొరుగు పుప్పొడితో చిక్కు మొక్కజొన్నకే, ఎందుకంటే అందులో మనం తినేదే గింజ. పక్క చేలో మామూలు మక్క అదే వారం జల్లు వేస్తే మీ స్వీట్ కార్న్ గింజలు పిండిగా తయారవుతాయి. వాళ్ళు వేసిన మూడు వారాలకు మీరు పెట్టుకోండి. అలా ఎడం పాటించగలిగినవాళ్ళు హైదరాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన మాధురి, ప్రియ రకాల కోసం వాకబు చేయండి. అవి హైబ్రిడ్లు కావు, కాంపోజిట్లు, విత్తనం దాచుకోవచ్చు.

ఆరుద్ర కార్తె దాటకముందే కప్పుల్లో గింజలు పెట్టండి. పీచు బయటపడిన మూడు వారాలకు, అది గోధుమ రంగుకు తిరిగి, గింజను గోటితో నొక్కితే పాలు చిందినప్పుడు కంకి విరవండి. తినే ముందు గింజల వరసలు లెక్కపెట్టండి. పన్నెండో పద్నాలుగో పదహారో, ఎప్పుడూ సరిసంఖ్యే ఉంటుంది. బేసి వస్తే మళ్ళీ లెక్కపెట్టండి. అప్పటికీ బేసే అయితే నాకు ఉత్తరం రాయండి.