సగమా, మొత్తమా: విరిగిన తుంటిపై రెండు అధ్యయనాలు

బాత్రూంలో జారిపడిన నాయనమ్మకు ఎక్స్‌రే తీసి, తొడ ఎముక మెడ దగ్గర విరిగిందని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. సగం మార్చాలా, మొత్తం మార్చాలా? తొడ ఎముక కొసన గుండ్రని తల ఉంటుంది. దాని కిందున్న మెడ విరిగి పక్కకు జరిగితే తలకు రక్తం అందించే సన్నని నాళాలు తెగిపోతాయి. ఆ వయసులో ఎంత బిగించి కట్టు కట్టినా అది అతుక్కోవడం కష్టం. అందుకే ఆ తల తీసేసి లోహపు బంతి పెడతారు. బంతి ఒక్కటే అయితే సగం మార్పిడి, అది కూర్చునే గిన్నె కూడా అయితే మొత్తం. (మెడకు దిగువన విరిగితే తలకు రక్తం అందుతూనే ఉంటుంది, రాడ్డో ప్లేటో వేసి నిలబెడతారు. అది వేరే కథ.)

2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ‘హెల్త్’ అధ్యయనం ఈ ప్రశ్ననే పట్టుకుంది. 10 దేశాల్లో 1,495 మంది, అందరూ 50 దాటినవాళ్లు, పడకముందు మనిషి సాయం లేకుండా నడిచినవాళ్లు. రెండేళ్లలో ఆ తుంటికి మళ్లీ ఆపరేషన్ పడింది మొత్తం మార్చినవాళ్లలో 7.9 శాతానికి, సగం మార్చినవాళ్లలో 8.3 శాతానికి. తేడా లేనట్టే. కీలు కుదురు తప్పడం మాత్రం మొత్తం మార్చినవాళ్లలో 4.7 శాతం, సగంలో 2.4. నొప్పి, కదలికల్లో మొత్తం మార్పిడికి కాస్త మొగ్గు కనిపించినా, మనిషికి తెలిసొచ్చేంత కాదు.

నా అభ్యంతరం కొలబద్దతోనే. మళ్లీ కత్తి పెట్టాల్సి వచ్చిందా లేదా అన్నది సర్జన్ లెక్క. మంచం దిగలేకపోయినా రెండో ఆపరేషన్ పడని ముసలమ్మ ఆ లెక్కలో గెలిచినట్టే!

2022లో అదే పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ‘వైట్-5’ పైకి చిన్న ప్రశ్న వేసింది. సగమే మారుద్దాం, కానీ తొడ ఎముకలోకి దిగే బంతి కాడను సిమెంటుతో బిగించాలా, ఎముకే అల్లుకునేలా పూత పూసిన కాడను దిగగొట్టాలా? ‘హెల్త్’ ఈ సంగతిని సర్జన్ల ఇష్టానికి వదిలేసింది. వైట్-5లో 60 దాటిన 1,225 మంది ఉన్నారు, మతిమరుపు ముదిరినవాళ్లనూ బయట పెట్టలేదు. ప్రధానంగా చూసింది నాలుగో నెలలో మనిషి ఎలా ఉన్నాడని: నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు. అవన్నీ కలిపి ఒకే అంకె: పూర్తి ఆరోగ్యం 1, చావుతో సమానమైన స్థితి 0. సిమెంటు వేసినవాళ్లకు 0.371, వేయనివాళ్లకు 0.315.

గెలిచిన అంకె 0.371! మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. తుంటి విరగడం అంటే ఏమిటో ‘హెల్త్’ పట్టికలన్నీ కలిపినా ఇంత సూటిగా చెప్పలేదు. సిమెంటు దట్టించేటప్పుడు రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతుందన్న భయం నిజమైనదే. అయినా ఏడాదిలో మరణాలు సిమెంటు వర్గంలో 23.9 శాతం, రెండోదాంట్లో 27.8. ఆ తేడా గట్టిగా నిలిచేది కాదు గానీ, భయాన్ని బలపరిచేది అసలే కాదు. కాడ చుట్టూ ఎముక మళ్లీ విరగడం అదే వరుసలో 0.5 శాతం, 2.1 శాతం.

కాబట్టి ఇంట్లోనే మెల్లగా తిరిగే ఎనభై ఏళ్ల మనిషికి సిమెంటుతో సగం మార్పిడే నా ఓటు, ఖరీదైనదే మంచిదని పిల్లలు పట్టుబట్టినా సరే. అరవై రెండేళ్లకు బజారు పనులన్నీ చక్కబెట్టుకునేవాళ్ల విషయం వేరు. లోహపు బంతి సొంత గిన్నెను ఏళ్ల తరబడి ఒరుసుకుంటే ఏమవుతుందో తేల్చడానికి ‘హెల్త్’ రెండేళ్లు చాలవు.

ఇంకొకటి. ‘హెల్త్’ వాడిన ప్రశ్నావళిలో మేజోళ్లు తొడుక్కోవడం ఉంది, కారెక్కడం ఉంది, స్నానపు తొట్టిలో దిగడం ఉంది. బాసింపట్టు వేసుకుని నేలమీద భోంచేయగలరా అన్న ప్రశ్న లేదు. మన ఇళ్లలో నాయనమ్మ డాక్టర్ని మొదట అడిగేది అదే.