సూర్యుడనే సులువైన పోలిక

2022 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలతో మిరియం గింజంత ఇంధనపు గుళికలో ఫ్యూజన్ రగిలించారు. ఆ వార్తకి చాలాచోట్ల ఒకటే పోలిక: భూమ్మీద సూర్యుడు. నా పేచీ ఈ పోలికతోనే.

సూర్యుడు తన బరువుతో తనను తాను అదిమి పట్టుకుని, వందల కోట్ల ఏళ్లుగా నిదానంగా మండుతున్నాడు. గుళికకి ఆ బరువు లేదు. లేజర్లు చుట్టూ ఉన్న డబ్బీ లోపలి గోడల్ని తాకితే ఎక్స్-కిరణాలు పుడతాయి. వాటి వేడికి గుళిక పైపొర బయటికి ఎగిరిపోతుంది, ఆ ఎదురుదెబ్బకి లోపలి హైడ్రోజన్ నలిగి సీసం కన్నా ఎన్నో రెట్లు చిక్కటి ప్లాస్మా అవుతుంది. అది చెదిరిపోయేలోపు, సెకనులో వందకోట్లో వంతు కూడా పట్టకుండా, అంతా అయిపోవాలి.

నన్నడిగితే డీజిల్ ఇంజన్ దగ్గరి పోలిక. అక్కడా స్పార్క్ ప్లగ్గు ఉండదు, నొక్కుడికే ఇంధనం అంటుకుంటుంది. సూర్యుడంటే దణ్ణం పెట్టి ఊరుకుంటాం. ఇంజన్ అంటే మైలేజీ అడుగుతాం. లేజర్లు ఇచ్చింది 2.05 మెగాజౌళ్లు, వచ్చింది 3.15. గొప్ప విజయమే, కాదనను. కానీ ఆ లేజర్లు కరెంటు లైన్ నుంచి తాగింది సుమారు 300. పైగా కరెంటు తీయాలంటే ఈ పేలుడు సెకనుకి చాలాసార్లు జరగాలి.

మంచి ఉపమానం మనచేత ప్రశ్న అడిగించాలి. సూర్యుడు ఆ పని చెయ్యలేదు.