నామముద్ర, చేతిరాత, బాధ్యత: బాపు అక్షరాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

బొమ్మ సాయం లేకుండా, అక్షరాల తీరుతోనే ఒక పేరును గుర్తుగా నిలిపే రూపాన్ని వర్డ్‌మార్క్ అంటారు. వ్యక్తి పేరుకు సంబంధించిన వర్డ్‌మార్క్‌ను ఈ వ్యాసం 'నామముద్ర' అని వ్యవహరిస్తుంది. పదకర్తల 'ముద్ర' ఈ మాటకు ఆధారం. బాపు సంతకం, బాపు చేతిరాత వేరువేరు దారుల్లో నడిచిన తీరును పరిశీలించి, నామముద్రకు విలువ అక్షరాల సొగసువల్ల కాక దాని వెనుక నిలిచే పనివల్ల, బాధ్యతవల్ల కలుగుతుందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: నామముద్ర, వర్డ్‌మార్క్, బాపు, క్షేత్రయ్య, తెలుగు లిపి, ఫాంటు, ట్రేడ్‌మార్క్.

1. ఉపోద్ఘాతం

ముదినేపల్లి కొల్లేటికి దక్షిణాన ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తరువాత ఏలూరు జిల్లాలో చేరింది. ఈ ఊరికి నైరుతి దిక్కున మువ్వ, తూర్పున నరసాపురం ఉన్నాయి. క్షేత్రయ్య పదాల్లోని 'మువ్వగోపాల' ముద్ర మొదటి ఊరితో ముడిపడింది. రెండవ ఊరు బాపుగా ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణ జన్మస్థలం. తెలుగువారి నామముద్రల చరిత్రలో రెండు ప్రధాన ఘట్టాలకు ఈ రెండు ఊళ్లను ఆనవాళ్లుగా తీసుకోవచ్చు. ఒకటి చెవికి వినిపించే ముద్ర, మరొకటి కంటికి కనిపించే ముద్ర.

నేడు సొంత నామముద్ర కళాకారులకూ పెద్ద కంపెనీలకూ పరిమితమైన విషయం కాదు. డాక్టరు చీటీ, అధ్యాపకుని పుస్తకం అట్ట, దర్జీ దుకాణం సంచి, చేపల వ్యాపారి రసీదు పుస్తకం, ఇలా ప్రతిచోటా పేరు గుర్తుగా మారుతోంది. ఆ పేరును బాపు చేతిరాతను పోలిన ఫాంటులో అచ్చు వేయించుకోవడం తెలుగునాట అలవాటైన దారి. ఆ దారిలో ఏర్పడే ముద్ర ఎవరిది? పేరుగలవారిదా, బాపుదా? ఈ ప్రశ్నే ఇక్కడ చర్చనీయాంశం.

2. ముద్ర, మకుటం: పూర్వరూపాలు

పదకర్త తన రచనలో నిలిపే ముద్ర ఒక నియమానికి లోబడి ఉంటుంది. అది రచనలో నిర్ణీతమైన చోట వస్తుంది, మళ్లీ మళ్లీ అదే రూపంలో వస్తుంది, విన్నవెంటనే కర్తను స్ఫురింపజేస్తుంది. ఆధునిక వర్డ్‌మార్క్ నుంచి ఆశించే గుణాలూ ఇవే: స్థిరమైన రూపం, స్థిరమైన స్థానం, తక్షణ పరిచయం. అయితే 'మువ్వగోపాల' అన్న మాటలో క్షేత్రయ్య పేరు లేదు. అందులో ఉన్నవి ఊరు, దైవం. కర్త తన పేరును మరుగుపరచి, తనకు ఆశ్రయమైనదాన్ని గుర్తుగా ఎంచుకున్నాడు. నామముద్ర అంటే తప్పనిసరిగా స్వోత్కర్ష అనే అపోహకు ఇది సమాధానం.

ఈ సంప్రదాయమే ఒక హెచ్చరికను కూడా అందిస్తుంది. వేమన మకుటం ఎంత ప్రసిద్ధమైనదో, దానిని అనుకరించడం అంత సులభమైంది. 1829లో వేమన పద్యాలను ప్రకటించిన సి.పి. బ్రౌన్ నాటినుంచి నేటి పరిష్కర్తల వరకు ప్రక్షిప్తాల సమస్య అందరికీ ఎదురైనదే. మకుటం ఉన్నంత మాత్రాన పద్యం వేమనది కాదు. ముద్ర కర్తృత్వాన్ని ప్రకటిస్తుంది కాని, నిరూపించదు. నిరూపణ పనిలో, భావంలో, భాషలో జరగాలి.

3. బాపు: సంతకమూ చేతిరాతా

బాపు 1933 డిసెంబరు 15న జన్మించి, 2014 ఆగస్టు 31న చెన్నైలో మరణించారు. న్యాయశాస్త్రం చదివినా ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరి, చిత్రకారునిగా, అటుపై 'సాక్షి' (1967) మొదలుకొని చలనచిత్ర దర్శకునిగా స్థిరపడ్డారు. 2013లో పద్మశ్రీ పొందారు. ఆయన బొమ్మల గురించి జరిగినంత చర్చ ఆయన అక్షరాల గురించి జరగలేదు.

ఆయన విషయంలో రెండింటిని వేరు చేసి చూడాలి. బొమ్మ మూలన ఉండే 'బాపు' అన్న రెండక్షరాలు సంతకం. పుస్తకాల ముఖచిత్రాల మీద, కథల శీర్షికల్లో, సినిమా పేర్లలో కనిపించే అక్షరాల తీరు చేతిరాత. ఈ బొమ్మకు తాను కర్తనని సంతకం చెబుతుంది. చేతిరాత మాత్రం ఇతరుల పేర్లకు, ఇతరుల కథలకు ఒక ముఖాన్ని ఇస్తుంది. సంతకం ఒక్కరిది, చేతిరాత మొదటినుంచీ పరుల కోసం పనిచేసింది.

కంప్యూటరు అచ్చు వచ్చాక ఈ తేడా మరింత స్పష్టమైంది. ఆయన చేతిరాత ఆధారంగా ఫాంట్లు వెలువడ్డాయి. పెళ్లిపిలుపుల మీద, దుకాణాల బోర్డుల మీద, ఫ్లెక్సీల మీద ఆ తీరు సర్వసాధారణమైంది. సంతకం మాత్రం అలా మారలేదు. ఎవరూ తమ శుభలేఖ కింద 'బాపు' అని రాసుకోరు. శైలి ఉమ్మడి సొత్తయింది, పేరు కాలేదు.

ఫాంటుగా మారడంలో జరిగే నష్టాన్ని కూడా గుర్తించాలి. చేత్తో రాసేటప్పుడు ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు. పక్క అక్షరాన్ని బట్టి ఒకటి ఒదుగుతుంది, మరొకటి సాగుతుంది. ఫాంటులో ఆ సర్దుబాటు ఉండదు, ప్రతి 'ల' మరో 'ల'కు నకలే. అందువల్ల బాపు ఫాంటులో అచ్చయిన పేరు బాపు రాసిన పేరుతో సమానం కాదు. అటు బాపు చేయీ అందులో లేదు, ఇటు పేరుగలవారి చేయీ లేదు.

ఫాంటువల్ల బొమ్మలు వేయడం రానివారికి కూడా అందమైన తెలుగు అందుబాటులోకి వచ్చిందన్న వాదంలో నిజం ఉంది. ఒకనాటి వేడుకకు సంబంధించిన శుభలేఖకు ఆ అందం చాలు. కాని నామముద్ర ఏళ్ల తరబడి ఒక వ్యక్తిని ఇతరులనుంచి వేరుచేసి చూపవలసినది. అందరూ ధరించే ముఖం ఎవరినీ వేరుచేయలేదు.

4. లిపి నిర్మాణం: 'బాపు', 'ముదినేపల్లి'

తెలుగు నామముద్రను రోమన్ లిపి కొలతలతో కొలవడం పొరపాటు. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం అక్షరం పైన చేరతాయి. చాలా ఒత్తులు కింద చేరతాయి. పేరులోని అక్షరాలను బట్టి దాని ఎత్తు, బరువు మారిపోతాయి.

'బాపు' ఈ దృష్టితో చూస్తే అనుకూలమైన పేరు. 'బ'కు సహజంగా తలకట్టు లేదు, 'ప'కు ఉంది. రెండవ అక్షరంలో కొమ్ము కిందినుంచి బయలుదేరి పేరుకు ముగింపు గీతనిస్తుంది. ఒత్తు లేదు. రెండే అక్షరాలు కావడంతో చిన్న బొమ్మ మూలన కూడా ఇమిడిపోతుంది. 'సత్తిరాజు లక్ష్మీనారాయణ' అన్న పూర్తి పేరుకు ఈ సౌలభ్యం లేదు. అందులో తకార ఒత్తు, 'క్ష్మీ' వంటి సంయుక్తాక్షరం ఉన్నాయి. పిలుపు పేరునే ముద్రగా నిలపడంలోని రూపపరమైన ప్రయోజనం ఇది.

'ముదినేపల్లి' అన్న ఊరిపేరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఈ ఐదక్షరాల్లో కొమ్ము, గుడి, ఏత్వం, తలకట్టు, ఒత్తు అన్నీ ఉన్నాయి. చివరి 'ల్లి'లో పైన గుడి, కింద లకార ఒత్తు చేరి పేరు బరువంతా కుడివైపుకు ఒరుగుతుంది. తెలుగు నామముద్రను రూపొందించేవారికి ఇంతకన్నా మంచి పరీక్షాపదం అరుదు. ఈ పేరులో ఒత్తును కుదించితే చదవడం కష్టమవుతుంది, పెంచితే వరుస చెదురుతుంది. అక్షరాల మధ్య ఎడాన్ని, ఒత్తు స్థానాన్ని ఆ పేరుకోసమే నిర్ణయించాలి. ఏ పేరునైనా ఒకే కొలతతో పేర్చే ఫాంటు ఈ పనిని పూర్తిగా చేయలేదు.

5. వస్తువులపై ప్రయోగం

నామముద్రకు అసలు పరీక్ష కాగితం మీద కాదు, వస్తువు మీద జరుగుతుంది. రబ్బరు స్టాంపులో సిరా పాకి ఒత్తుల్లోని సందులు పూడుకుపోతాయి. చొక్కా జేబు మీది కుట్టుపనిలో సన్నని గీతలు నిలవవు. కలం మీద నిలువు చోటు తక్కువ కాబట్టి కింది ఒత్తు, పై గుడి ఒకదానికొకటి పోటీపడతాయి. కప్పు వంపు మీద పొడవైన పేరు సగమే కనిపిస్తుంది. అందుకే ఒకే రంగులో, అతిచిన్న కొలతలో నిలిచే రూపాన్ని ముందుగా సాధించాలి. రంగులు, నీడలు తరువాతి మాట. బాపు సంతకం ఇలాంటి ఇరుకులో పెరిగినదే. పత్రికలోని చిన్న కార్టూన్ మూలలో, ఒకే నలుపులో చదవగలిగేలా ఉండటమే దానికి తొలి పరీక్ష.

ప్రపంచ వ్యాపార చరిత్రలో సంతకం ముద్రగా మారిన తీరు రెండు విధాలు. 1906లో ఆహార సంస్థను స్థాపించిన డబ్ల్యు.కె. కెలాగ్ తన సంతకాన్ని పెట్టెల మీద అచ్చువేయించి, అది ఉన్నదే అసలు సరుకని ప్రకటించారు. ఫోర్డ్ కార్ల మీది రాత మాత్రం హెన్రీ ఫోర్డ్ సంతకం కాదు, ఆయన సహచరుడు చైల్డ్ హెరాల్డ్ విల్స్ కూర్చిన అక్షరాలు. మరొకరి చేయి రాసినా అది ఫోర్డ్ ముద్రే అయింది, ఎందుకంటే ఆ పేరుకోసమే రాసి, ఆ కార్లకే కట్టుబడింది. దీన్నిబట్టి నామముద్రను స్వయంగా రాయాలన్న నియమం లేదు. అది ఆ పేరుకే చెందాలన్నదే నియమం.

6. హక్కు, బాధ్యత

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చిత్రాలను మార్కాంతోనియో రైమొండి ఆయన పొడి అక్షరాలతో సహా అనుకరించాడని, వెనిస్ పాలకులు డ్యూరర్ పేరునూ గుర్తునూ మాత్రమే వాడకూడదని తీర్పునిచ్చారని వసారి రాశాడు. శైలికీ సంతకానికీ మధ్య ఉన్న గీత ఈ కథనంలో స్పష్టంగా కనిపిస్తుంది.

భారతదేశపు 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 'మార్కు' నిర్వచనంలో పేరును, సంతకాన్ని, పదాన్ని చేర్చింది. జీవించి ఉన్న వ్యక్తితో గాని, దరఖాస్తుకు ముందు ఇరవై ఏళ్లలోపు మరణించిన వ్యక్తితో గాని సంబంధం ఉన్నట్లు తప్పుగా సూచించే మార్కు విషయంలో ఆ వ్యక్తి లేదా వారసుల లిఖిత సమ్మతిని రిజిస్ట్రారు కోరవచ్చునని 14వ సెక్షను చెబుతుంది. ఈ లెక్కన బాపు పేరుకు ఆ రక్షణ 2034 ఆగస్టు దాకా వర్తిస్తుంది. చట్టం ఇచ్చే గడువు అంతే. ఆ తరువాత పేరును కాపాడవలసినది పాఠకుల, ప్రచురణకర్తల వివేకమే. వేమన మకుటానికి పట్టిన గతి బాపు సంతకానికి పట్టకుండా ఉండాలంటే ఆయన గీసినదేదో, ఆయన తీరులో గీసినదేదో వేరుగా నమోదు కావాలి. ఇది విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు చేపట్టదగిన పరిశోధన.

7. ముగింపు

క్షేత్రయ్య ముద్రను పదాలు నిలిపాయి, బాపు సంతకాన్ని బొమ్మలు నిలిపాయి. ఈ రెండింటిలోనూ పని ముందు, ముద్ర తరువాత. నేటి నామముద్రల్లో ఈ క్రమం తలకిందులవుతోంది. పని మొదలుకాకముందే సంచుల మీద, కప్పుల మీద పేరు అచ్చవుతోంది, అదీ అరువు తెచ్చుకున్న చేతిరాతలో. అరువు ముఖం అందంగా ఉండవచ్చు కాని, సరుకు చెడిన రోజున జవాబు చెప్పడానికి అది పనికిరాదు. నామముద్ర ఒక విధమైన పూచీకత్తు. దాని కింద నిలబడే మనిషి ఎవరో చూసినవారికి తెలియాలి. అది తెలిసేలా పేరును మలచడమే రూపకర్త పని, ఆ పేరుకు తగినట్లు నిలవడం పేరుగలవారి పని.