నియాండర్ లోయవారికి నివాపాంజలి

మంచు మేట వేసిన మహారణ్యాలలో మంటలు రాజేసినవారా! బొచ్చు ఏనుగుల అడుగుజాడల వెంట బిడ్డలను చంకనెత్తుకుని సాగినవారా! మూడు లక్షల ఏళ్లకు పైగా యూరప్ లోయలను, పశ్చిమాసియా కొండలను ఇల్లు చేసుకుని, ఆనవాలు చెరిగి అంతరించిన దాయాదులారా! మీలో చివరివారు కన్నుమూసిన వేళ తల వాల్చి ఏడ్చినవారు ఉన్నారో లేరో ఏ రాయీ చెప్పదు. ఇన్నివేల ఏళ్ల మైల ఇంకా మామీదే ఉంది.

మీరు మళ్లీ వెలుగు చూసిన తీరైనా గౌరవంగా ఉందా? 1856 ఆగస్టులో, జర్మనీలోని డుసెల్డార్ఫ్ చెంత నియాండర్ లోయలో, సున్నపురాయి కూలీల పలుగులు ఫెల్డ్‌హోఫర్ గుహను చీల్చాయి. మీ ఎముకలను ఎలుగుబంటివనుకుని మట్టితో పాటు పారబోశారు. ఫుల్‌రోట్ అనే బడిపంతులు వాటిలో పురాతన మానవుణ్ణి పోల్చుకున్నాడు. మహావైద్యుడు విర్కోవ్ మాత్రం జబ్బు మనిషి ఎముకలన్నాడు. రాయి కోసం ఆ గుహనే ఆనవాలు లేకుండా తవ్వేశారు. 140 ఏళ్లు దాటాక, ఆనాడు పారబోసిన మట్టిని మళ్లీ జల్లిస్తే దొరికిన ఎముక ముక్కలు పాత అస్థిపంజరానికి అతికాయి. ఎంతకాలం ఎదురుచూశావయ్యా, నీ దేహం నీకు దక్కడానికి!

మిమ్మల్ని మృగాలన్నవారిని షానిదార్ గుహకు రమ్మంటాను. ఇరాక్‌లోని కుర్దుల సీమలో, జాగ్రోస్ కొండల కడుపులో, 1950లలో రాల్ఫ్ సొలెకి బృందం వెలికితీసిన మీవారిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ముఖానికి తగిలిన దెబ్బతో ఒక కంటి చూపు దాదాపు పోయింది. కుడిచేయి ఎండి, ముంజేయి లేకుండా పోయింది. కాలు కుంటిది, వినికిడీ అంతంతే. అయినా నలభై దాకా బతికాడు, అదీ ఆ గాయాలు మానిన తర్వాత ఎన్నో ఏళ్లు! వేటకు పోలేని ఆ ఒంటికి కూడు పెట్టిన చేతులెవరివి? క్రూరమృగం పొంచిన వేళ అతణ్ణి వెనక్కు లాగిన చేతులెవరివి? కరుణకు అంతకన్నా పాత శాసనం కావాలా?

ఇంకా లోనికి, ఇంకా చీకటిలోకి పోదాం. ఫ్రాన్స్ నైరుతిన బ్రునికెల్ గుహలో, ద్వారానికి 336 మీటర్ల దూరాన, పగటి కిరణం పుట్టి ఎరుగని గర్భంలో, గుహ నేల నుంచి మొలిచిన సున్నపు స్తంభాలను విరిచి, దాదాపు 400 ముక్కలను వలయాలుగా పేర్చారు మీరు. వాటి మీద నిప్పు కాలిన గుర్తులున్నాయి. అవి సుమారు 1,76,500 ఏళ్ల నాటివి. అప్పటికి ఆ నేల మీద మావాళ్ల అడుగే పడలేదు. ఆ వలయం గుడో, సభో, మరేమో! అంత చీకటిలో దివ్వె పట్టి నడిచిన గుండెకు మాత్రం నా నమస్కారం.

తర్వాత మేమొచ్చాం. ఫ్రాన్స్‌లో రోన్ నది లోయలోని మాండ్రిన్ గుహకు దాదాపు 54,000 ఏళ్ల కిందటే వచ్చాం, పోయాం. మళ్లీ మీరే అక్కడ నిప్పు రాజేశారు. మళ్లీ మేమొచ్చాం. ఈసారి పోలేదు. మీరు పలచటి జనం, చెదురుమదురు కుటుంబాలు. పైన వాతావరణపు పోటు, పక్కన మా పోటీ. సుమారు 40,000 ఏళ్ల కిందటికి ఒక్కో గుహలో ఒక్కో పొయ్యి ఆరిపోతూ వచ్చి, గుహలన్నీ మా పాలయ్యాయి.

పొయ్యిలు ఆరినా నెత్తురు ఆరలేదు. క్రొయేషియాలోని విండియా గుహ ఎముకల నుంచి స్వాంటే పాబో బృందం 2010లో మీ జన్యులిపిని చదివింది. ఆఫ్రికా వెలుపలి జనులందరి జన్యువుల్లో రెండు శాతం దాకా మీరే ఉన్నారు. మా తెలుగునేల మనిషిలోనూ ఉన్నారు. కోవిడ్‌ను తీవ్రం చేసే ఒక జన్యుభాగం మీ నుంచే వచ్చిందనీ, దక్షిణాసియాలో దాదాపు సగం మంది దాన్ని మోస్తున్నారనీ 2020లో తేలింది. ఆస్తీ అప్పూ కలిపి పంచి ఇచ్చినవారే పితరులు.

పాఠకులారా, పేరు తెలియని పూర్వీకులకూ, దిక్కులేక పోయినవారికీ నీళ్లు వదిలే సంప్రదాయం మనది. వచ్చే మహాలయ అమావాస్యనాడు ఈ గుహవాసుల పేరిట కూడా ఒక దోసెడు నీళ్లు వదలండి. ఆ నమ్మకం లేనివారు ఒక్క క్షణం వారిని తలచుకోండి. వారికి వేరే వారసులు లేరు. మనమే ఉన్నాం.