ఆట చిరునామా మారితే...

కంప్యూటరు ఆటల్లో రెండు రకాలున్నాయి. ఎవరో కట్టిన లోకంలో మనం తిరిగేవి కొన్ని. మన లోకాన్ని మనమే కట్టుకునేవి కొన్ని. మైన్‌క్రాఫ్ట్ రెండో రకం ఆట. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో మట్టి, రాయి, కొయ్య అన్నీ చదరపు దిమ్మెలే. వాటిని పేర్చి ఇల్లు కట్టవచ్చు, ఊరూ కట్టవచ్చు.

ఇది పిల్లల కాలక్షేపం మాత్రమే అనుకోకండి. 2013లో బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే తన పటాల ఆధారంగా గ్రేట్ బ్రిటన్ నేలనంతా సుమారు 2,200 కోట్ల దిమ్మెలతో ఈ ఆటలో నిర్మించింది. ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం 2012లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద నేపాల్‌లోని కీర్తిపూర్ వాసులు తమ చెరువు పరిసరాలు ఎలా ఉండాలో ఇందులోనే కట్టి చూసుకున్నారు.

ఇంత పెద్ద లోకాలను ఒక్కొక్క దిమ్మెనూ చేత్తో పెట్టి కట్టడం అయ్యే పనేనా? కాదు. అందుకు పనిముట్లు కావాలి. వాటిలో చాలావాటిని తయారుచేసింది ఆట యజమాని మొజాంగ్ సంస్థ కాదు, ఆడేవాళ్లే. ఎంసీఎడిట్ అనే ప్రోగ్రాముతో ఒక కొండను మొత్తంగా కోసి మరోచోట అతికించవచ్చు. ఓవర్‌వ్యూయర్ అనే ప్రోగ్రాము మన లోకాన్నంతా పటంగా గీసి ఇస్తుంది. రెండింటి సోర్స్ కోడూ అందరికీ తెరిచి ఉంచారు.

ఇలాంటి పనిముట్లలో కొన్నింటిని 2013లో ఒక చిన్న మార్పు ఇబ్బందిలో పడవేసింది. మారినది ఆట కాదు, ఆటను ప్రారంభించే లాంచర్.

లాంచర్ అంటే ఏమిటి? అది మన పేరూ పాస్‌వర్డూ అడిగి, కావలసిన ఫైళ్లు దించుకుని, ఆటను నడిపించే చిన్న ప్రోగ్రాము. నాటకానికి తెర లాగే మనిషి వంటిది. తెర లాగే మనిషి మారినంత మాత్రాన నాటకానికి ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ ఏం జరిగిందో చూడండి.

అంతకుముందు ఆట ప్రధాన భాగం మైన్‌క్రాఫ్ట్.జార్ అనే ఫైలులో, బిన్ అనే ఫోల్డరులో ఉండేది. కొత్త వెర్షన్ వస్తే పాతదాని స్థానంలో కూర్చునేది. 2013 జులై 1న 1.6.1 వెర్షన్ వచ్చింది. ఆ వెర్షన్‌తో వాడుకలోకి వచ్చిన కొత్త లాంచర్ ఈ ఏర్పాటును మార్చివేసింది. వెర్షన్స్ అనే ఫోల్డరు పెట్టి, ఒక్కొక్క వెర్షన్‌నూ దాని సంఖ్య పేరుతో విడిగా దాచింది. అంతేకాదు, ఎవరికి వారు తమ లోకాలను వేరే ఫోల్డరులో పెట్టుకునే వీలూ కల్పించింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఓవర్‌వ్యూయర్ పటం గీయాలంటే దిమ్మెల బొమ్మలు కావాలి. అవి జార్ ఫైలులోనే ఉంటాయి. బిన్ ఫోల్డరులో వెతకడం నేర్చిన పాత పనిముట్టుకు ఆ ఫైలు దొరకదు. లేదా ఎప్పుడో మిగిలిపోయిన పాత ఫైలు దొరుకుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఫైలు దొరక్కపోతే పని ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. పాతది దొరికితే పని తప్పుగా సాగిపోతుంది! లోకాలను ఒకే చోట వెతికే పనిముట్టుకు వేరే ఫోల్డరులోని లోకం అసలు కనిపించదు. జార్ ఫైలు తెరిచి అందులో సొంత మార్పులు చేర్చే పద్ధతిని వివరించిన సూచనలన్నీ కూడా ఒక్కసారిగా పాతబడ్డాయి.

గమనించవలసిన విషయం ఒకటుంది. లోకాన్ని భద్రపరిచే ఫైళ్ల తీరు ఈ సందర్భంలో మారలేదు. 2012లో వచ్చిన యాన్విల్ పద్ధతే కొనసాగింది. అంటే సరుకు అదే, చిరునామా మాత్రమే వేరు. 2018లో 1.13 వెర్షన్‌తో వచ్చిన మార్పు ఇలాంటిది కాదు. అప్పటివరకు రాయికి 1, గడ్డికి 2, మట్టికి 3 అని సంఖ్యలుండేవి. వాటిని తీసేసి పేర్లు పెట్టారు. ఎంసీఎడిట్ ఆ కొత్త లోకాలను సవరించలేకపోయింది. మొదటిది తోవ తప్పడం, రెండోది భాష తెలియకపోవడం. తోవ తప్పినవాడికి దారి చూపడం తేలిక. అందుకే మొదటి ఇబ్బంది సులభంగా నివారించదగినది.

మరి తప్పు ఎవరిది?

కొత్త లాంచర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. పాత వెర్షన్లను చెరిపేయకుండా పక్కపక్కనే ఉంచడం మంచి ఆలోచన. పాత లోకాన్ని అది పుట్టిన వెర్షన్‌లోనే తెరవగలగడం దాని పుణ్యమే. ఆ విధంగా పనిముట్లను ఇబ్బందిపెట్టిన లాంచరే పాత లోకాలకు కాపలాదారు కూడా అయింది.

అయితే సంస్థకు ఒక బాధ్యత ఉంది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన బీటా 1.3లో మెక్‌రీజియన్ అనే భద్రపరిచే పద్ధతిని ఆటలో చేర్చారు. అది మొదట ఆడేవారిలో ఒకరు రాసినదే. నేటి యాన్విల్ దాని నుంచి పుట్టిందే. వాడుకరుల కృషిని ఇంతగా స్వీకరించిన సంస్థ, వారి పనిముట్లు ఏ ఫోల్డరులో ఏ ఫైలును నమ్ముకోవచ్చో రాతపూర్వకంగా చెప్పి ఉండవలసింది. అలా చెప్పినచోట ఫలితం కనిపిస్తుంది. లోకంలోని వివరాలను రాసే ఎన్‌బీటీ అనే పద్ధతిని పెర్సన్ స్వయంగా ప్రకటించారు. దాన్ని చదివే ప్రోగ్రాములు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

పనిముట్లు రాసినవారికీ ఇందులో భాగముంది. ఫోల్డరు పేరును ప్రోగ్రాములో శాశ్వతంగా రాసేయడం సోమరితనం. ఓవర్‌వ్యూయర్‌లో బొమ్మలు ఎక్కడున్నాయో వాడుకరే చెప్పే వీలుంది. అలాంటి వీలున్నచోట ఒక్క పంక్తి మారిస్తే సరిపోతుంది. లేనిచోట రచయిత మళ్లీ ప్రోగ్రాము విడుదల చేయాలి. ఆయన చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఉంటే, ఇంకెవరు చేస్తారు?

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు హైరమ్ నియమం అని ఒకటి చెబుతారు. వాడేవారు చాలామంది అయితే, మీరు హామీ ఇచ్చినా ఇవ్వకపోయినా, బయటికి కనిపించే ప్రతి లక్షణం మీదా ఎవరో ఒకరు ఆధారపడతారని దాని సారాంశం. బిన్ ఫోల్డరు విషయంలో జరిగింది అదే. ఎవరూ హామీ ఇవ్వలేదు, అందరూ నమ్ముకున్నారు.

ఇందులో విద్యార్థులు నేర్చుకోవలసినది ఆటకే పరిమితం కాదు. మీరు కట్టిన లోకానికి నకలు తీసి పెట్టుకోండి, దాని పక్కనే వెర్షన్ సంఖ్య రాయండి. ఎందుకంటే కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన పాత లోకం తిరిగి పాత రూపానికి రాదు. మీరే ప్రోగ్రాము రాస్తే, ఫైలు ఫలానా చోట ఉంటుందని ఊహించకండి, వాడేవారిని అడగండి. దొరకకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పేటట్లు రాయండి. నెలల తరబడి కట్టిన ఊరు చెక్కుచెదరకుండా డిస్కులో ఉండి కూడా తెరిచే పనిముట్టు లేక అక్కరకు రాకపోతే, ఆ నష్టం కట్టినవారిదే.