సహాయగ్రంథములో చిన్న దిద్దుబాట్లు

పత్రికలకు విమర్శార్థము వచ్చునవి కావ్యములు, నవలలు, చరిత్రలు. పనిముట్టును వాడు తీరు తెలుపు పుస్తకమును విమర్శించువారు అరుదు. అది వాఙ్మయము కాదని మనవారి తలంపు. కాని నవల అర్థము కాకున్న మూసివేయుదుము. సహాయగ్రంథములోని వాక్యము అర్థము కాకున్న చేతిలోని పని నిలిచిపోవును, పైగా తప్పు మనదే యని సిగ్గుపడుదుము. ఇంత బాధ్యత గల వచనమును పరిశీలింపకుండుట న్యాయము కాదు. కావున విమ్ అను టెక్స్టు ఎడిటరు సహాయగ్రంథమును, అది చూపు సూచనలను ఇచట చర్చింప దలచితిమి.

టెక్స్టు ఎడిటరనగా కంప్యూటరుపై అక్షరములను వ్రాసి దిద్దుకొను సాధనము. ప్రోగ్రాములు వ్రాయువారికి అది గంటము వంటిది. 1976లో బిల్ జాయ్ రచించిన వీఐ అను ఎడిటరును మాదిరిగా గైకొని, డచ్చి దేశస్థుడగు బ్రామ్ మోలెనార్ విమ్‌ను 1991లో లోకమునకు విడుదల చేసెను. 2023 ఆగస్టులో మరణించువరకు దానిని పోషించినవాడాయనయే. తరువాత ఇతరులు నడుపుచున్నారు. దానికి వెల లేదు. యుగాండాలోని బీదపిల్లలకు తోడ్పడుడని మాత్రము తెరమీద నొక వాక్యము కనబడును. ఆ యొక్క వాక్యమును దిద్ద నెవరికిని పని లేదు.

తక్కినవాని మాట వేరు. విమ్‌లో ప్రవేశించుటకంటె వెలువడుట కష్టమని లోకప్రసిద్ధి. ఒకే మీట ఒక స్థితిలో అక్షరమై, మరియొక స్థితిలో ఆజ్ఞయై పనిచేయును. తెలియనివాడు వ్రాయబోయి ఆజ్ఞలిచ్చును. వెలువడు మార్గము నడిగిన ఒక ప్రశ్నోత్తరమును 2017 నాటికి పదిలక్షల మారులకు పైగా జనులు తెరచి చూచిరి. దిక్కుతోచనివాడు అలవాటు చొప్పున కంట్రోలు, సీ మీటలను కలిపి నొక్కినచో తెర అడుగున నొక సూచన కనబడును. పూర్వపు ప్రతులలో ఆ సూచన యెట్లుండెడిదనగా: క్విట్ అను మాట, దాని నంటియే కోణపు గుర్తుల నడుమ ఎంటర్ అను మాట, వీనిని టైపు చేసిన బయటికి పోవచ్చునని. కోణపు గుర్తులలోనిది మీట పేరని ఎరిగినవానికి ఇది చాలును. ఎరుగనివాడు, చెప్పిన మాట జవదాటని శిష్యునివలె, ఎంటర్ అను అయిదక్షరములను గుర్తులతో సహా టైపు చేయవచ్చును. సరిగా చేసినను, భద్రపరుపని మార్పు లున్నచో ఆ ఆజ్ఞ చెల్లదు. దారి చూపి తలుపు మూసినట్లే.

తరువాతి ప్రతులలో దీనిని దిద్దిరి. ఆజ్ఞను టైపు చేసి, ఎంటరు మీటను నొక్కుడని రెండు క్రియలను వేరుచేసిరి. భద్రపరుపని మార్పులున్నపుడు వేరొక వాక్యము చూపి, వానిని విడిచిపెట్టి వెలువడుట యగునని కూడ చెప్పిరి. చేర్చినవి నాలుగైదు మాటలు. పోవునది తన శ్రమఫలమని చదువరికి ముందే తెలియుచున్నది. ఇంతకు మించిన మర్యాద ఏ గ్రంథకర్త చూపగలడు? అయినను 2022లో వెలువడిన తొమ్మిదవ వెర్షన్ తొలి తెరమీద ఆ కోణపు గుర్తుల ఎంటరు యథాతథముగ నున్నది. పెరటిని చిమ్మి వాకిలిని మరచిరి.

దిద్దుబాటు పేర సత్యమును చెరుపుటయు గలదు. ఒక భాగమునకు నకలు తీయుటను విమ్‌లో యాంక్ అందురు, గుంజుట యని యర్థము. ఇదేమి మాట, కాపీ యనరాదా యని క్రొత్తవారి ఆక్షేపణ. కాని ఆ ఆజ్ఞకు మీట వై. సీ మీట అప్పటికే మార్చుటకు వినియోగింపబడినది. యాంక్ అను మాటను తీసివేసిన, మీటను గుర్తుంచుకొను ఆధారమే పోవును. మరియు ఈమ్యాక్స్ అను వేరొక ఎడిటరులో అదే మాటకు, తీసినదానిని మరల అతికించుట యని అర్థము! రెండును తెలిసినవానికి తికమక తప్పదు. ఇట్టిచోట మాటను మార్చరాదు. ప్రక్కన నొక వివరణ చాలును.

మా అసలు ఫిర్యాదు తుడుచుట అను మాటపైన. వినియోగదారుల భాగము రెండవ అధ్యాయమున అక్షరములను, పంక్తులను తుడుచు విధము నేర్పి, వెంటనే తుడిచినదానిని రద్దుపరచు విధము నేర్పిరి; అది మంచి వరుస. కాని తుడిచిన భాగము లోపల నిలిచియుండునని, పీ మీటతో దానిని వేరొకచోట పెట్టవచ్చునని నాలుగవ అధ్యాయమున గాని చెప్పలేదు. ఫలితమేమి? ఒక పంక్తికి నకలు తీసి, అడ్డముగా నున్న వేరొక పంక్తిని తుడిచి, పీ నొక్కుదుము. తాము కోరిన పంక్తికి బదులు తుడిచిన పంక్తి ప్రత్యక్షమగును. చదువరి తన చేతులను తిట్టుకొనును. తప్పు చేతులది కాదు, మాటది. మన వాడుకలో తుడిచినది లేనిదే గదా.

ఇట్టి లోపము నిపుణునికి కనబడదు. నిన్న తడబడినవానికి కనబడును, అదియు కొన్నినాళ్లే. అలవాటు పడినవెనుక వాడును నిపుణుడగును. కావున మే మిప్పుడే చెప్పుచున్నాము: రెండవ అధ్యాయమున పంక్తిని తుడుచు విధము చెప్పినచోట, క్రింది రెండు వాక్యములు చేర్చవలెను. “తుడిచినది అప్పుడే పోదు, పీ మీటతో మరల పెట్టవచ్చును. అంతకు ముందు నకలు తీసినదేమైన నున్నచో, ఇకమీదట పీ నొక్కిన వచ్చునది అది కాదు, ఇప్పుడు తుడిచినది.”